క్విన్సీలో మంచు తుఫాను: ఫోన్‌లో అంకె రోజుకోలా మారుతోంది, ప్రయాణం ఉంచాలా, మార్చాలా?

పానగల్ నాన్న
ఆదివారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ పక్కన పానగల్. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మా బిడ్డ, అల్లుడు అమెరికాలో బోస్టన్‌కు ఆనుకుని ఉన్న క్విన్సీలో ఉంటారు. సముద్రం ఒడ్డు ఊరు. బిడ్డకు నెలలు నిండాయి, డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా పదిహేను రోజులే ఉంది. నేను, మా ఇంటావిడ వచ్చే ఆదివారం తెల్లవారుజామున శంషాబాద్‌లో ఎక్కి, దుబాయ్ మీదుగా, అక్కడి లెక్కలో అదే రోజు మధ్యాహ్నం దిగాలి.

నాలుగు రోజులుగా ఫోన్‌లో బోస్టన్ వాతావరణం చూస్తున్నాను. గురువారం చూస్తే ఆ ఆదివారానికి 22 అంగుళాల మంచు అని ఉంది. 22 అంగుళాలంటే మోకాలు దాటుతుంది. శుక్రవారం చూస్తే 3 అంగుళాలు. ఈ రోజు పొద్దున 14. ఇంట్లో ఆవిడకు ఒకటే టెన్షన్. మంచు అంటే ఆవిడకు తెలిసింది చిట్యాల దగ్గర హైవే మీద జనవరి పొద్దున కమ్ముకునే పొగమంచు ఒక్కటే.

నేను డ్యూటీలో ఉన్నప్పుడు సాగర్‌కు ఎంత వరద వస్తుందో శ్రీశైలం గేట్లు చూసి లెక్కకట్టేవాళ్లం. పైన వదిలిన నీళ్లు కిందికి రాక తప్పదు. ఇదేమో అలా లేదు. ఉన్నది ఒక్క తుఫాను, అంకెలు మాత్రం మూడు. అక్కడ ఉన్నవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి. ఎవరి మాట మీద టికెట్ మార్చుకోవాలి?

సూర్యాపేట అమ్మ
ఆదివారం, రాత్రి 9:50

అన్నా, మీ బాధ నాకు తెలుసు. మా అబ్బాయి న్యూయార్క్ పక్కన జెర్సీ సిటీలో ఉంటాడు. 2015 జనవరి 26 రాత్రి నేను నిద్రపోలేదు. న్యూయార్క్‌లో రెండడుగుల పైన మంచు పడుతుందని టీవీల్లో ఒకటే చెప్పారు. మంచు కోసం అక్కడి సబ్‌వే రైళ్లు ఆపడం చరిత్రలో అదే మొదటిసారి అట. మా వాడు బ్రెడ్డు, పాలు, కొవ్వొత్తులు కొని పెట్టుకున్నాడు. తెల్లారి చూస్తే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 9.8 అంగుళాలే పడింది. ఆ ప్రాంతపు వాతావరణ అధికారి ఒకరు ట్విట్టర్‌లో ప్రజలను క్షమించమని అడిగారు కూడా.

అందుకే చెప్తున్నా, ఈ అంకెలు పట్టుకుని మనసు పాడుచేసుకోకండి. వాళ్లకే తెలియదు.

వనపర్తి నుంచి వూస్టర్
ఆదివారం, రాత్రి 11:20

అక్కా, మీరు చెప్పింది నిజమే. కానీ అది సగమే. అదే తుఫాను, అదే రాత్రి, నేను ఇక్కడ వూస్టర్‌లో ఉన్నాను. అమెరికా వచ్చి అప్పటికి నాలుగు నెలలు. మా ఊరికి 34.5 అంగుళాలు పడింది. అప్పటిదాకా ఈ ఊళ్లో ఒక తుఫానుకు అంత పడింది లేదు. బోస్టన్‌లో 24.6. తెల్లారి తలుపు బయటికి తోస్తే రాలేదు, కిటికీ లోంచి దిగి పారతో తవ్వుకుంటూ తలుపు దాకా వచ్చాను.

న్యూయార్క్ వాళ్లకు ఆ తుఫాను ఉత్తిది. మాకు అలాంటిది మళ్లీ చూస్తామో లేదో అనిపించేంత పెద్దది. తుఫాను వస్తుందన్న మాట తప్పలేదు. అది అనుకున్న దారికి తూర్పుగా కాస్త జరిగి వెళ్లింది. ఆ కాస్త జరగడంలో కోటి మంది బతుకు మారిపోయింది.

పానగల్ సార్, క్విన్సీ నాకు గంట దూరం. ఏ సాయం కావాలన్నా మీ అల్లుడిని నాకు మెసేజ్ పెట్టమనండి.

పాలమూరు మాస్టారు
సోమవారం, ఉదయం 6:30

పిల్లలకు భూగోళం చెప్పిన అలవాటుతో కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

బంగాళాఖాతంలో పుట్టే మన తుఫాను వెచ్చని సముద్రపు నీటి మీద బతుకుతుంది. నీటి ఆవిరే దానికి తిండి. నేల ఎక్కగానే తిండి ఆగిపోయి నీరసపడుతుంది. అమెరికా తూర్పు తీరంలో చలికాలపు తుఫాను తీరు వేరు. దాని తిండి చలికీ వెచ్చదనానికీ మధ్య ఉన్న తేడా. కెనడా నుంచి దిగిన గడ్డకట్టే గాలి నేల మీద పరుచుకుని ఉంటుంది. కొద్ది దూరంలోనే సముద్రంలో గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని ప్రవాహం ఉత్తరానికి పోతూ ఉంటుంది. ఈ రెండింటి సరిహద్దు దాదాపు తీరం వెంటే ఉంటుంది. పైన ఎత్తులో వేగంగా పోయే గాలుల్లో ఒక ఒంపు వచ్చి ఆ సరిహద్దు మీద నిలిస్తే కింద అల్పపీడనం పుడుతుంది. జార్జియాకూ న్యూజెర్సీకీ మధ్య, తీరానికి ఇటో అటో 150 కిలోమీటర్ల లోపు పుట్టేవి ఎక్కువ. అక్కడినుంచి తీరం పట్టుకుని ఈశాన్యంగా పోతూ బలపడుతుంది.

ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. మన తుఫాను కూడా అంతే. అది బోస్టన్‌కు ఆగ్నేయంగా సముద్రంలో ఉన్నప్పుడు ఊరి మీదికి గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది. అందుకే వాళ్లు దాన్ని నార్‌ఈస్టర్ అంటారు.

బలపడే వేగం మాట కూడా చెప్పాలి. ఒక రోజులో పీడనం 24 మిల్లీబార్లు పడిపోతే దాన్ని బాంబు అంటారు. 2018 జనవరి 4న వచ్చిన తుఫానులో అది 59 మిల్లీబార్లు పడింది. ఆ రోజు బోస్టన్ రేవులో సముద్రపు పోటు 15 అడుగులు దాటి, కొలతలు మొదలైనప్పటి నుంచి లేనంత ఎత్తుకు వచ్చింది. వీధుల్లోకి సముద్రపు నీరు, దాని మీద మంచుగడ్డలు. క్విన్సీ ఒడ్డు ఊరు అన్నారు కదా, మీ అల్లుడు వాళ్ల ఇల్లు ఎత్తులో ఉందో పల్లంలో ఉందో అడగండి. మంచు గురించి అడిగేవాళ్లు పోటు గురించి మరచిపోతారు.

పానగల్ నాన్న
సోమవారం, ఉదయం 8:05

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. ఇల్లు గుట్ట మీద ఉందట, రెండో అంతస్తు. ఆ భయం లేదు.

ఇంకా నాకు అర్థం కానిది ఒకటే. తుఫాను ఎలా పుడుతుందో ఇంత బాగా తెలిసినప్పుడు 22, 3, 14 అని ఎందుకు ఊగుతోంది? ఈ పొద్దున మళ్లీ చూశాను. 9 అంటోంది.

నల్లమల మబ్బు
సోమవారం, మధ్యాహ్నం 1:30

నమస్తే సార్. మాది అచ్చంపేట. వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. మీ ప్రశ్నే మా క్లాసులో మొదటి రోజు అందరూ అడిగారు.

మీరు శ్రీశైలం గేట్ల మాట చెప్పారు కదా, దాన్నే పట్టుకుంటాను. సాగర్‌కు వచ్చే నీళ్లు అప్పటికే శ్రీశైలంలో ఉన్నాయి. ఈ ఆదివారం బోస్టన్ మీద పడాల్సిన తుఫాను ఈ రోజుకు పుట్టనే లేదు. దానికి కారణం కావాల్సిన గాలి ఒంపు ఇప్పుడు పసిఫిక్ మహాసముద్రం మీద ఉంది. అది అమెరికా ఖండాన్ని పడమటి నుంచి తూర్పుకు దాటాలి, ఇంకో ఒంపుతో సరిగ్గా కలవాలి, అప్పుడు తీరంలో అల్పపీడనం పుట్టాలి. ఇన్ని జరగాల్సి ఉండగా ఒక యాప్ "14 అంగుళాలు" అని ఒక్క అంకె వేసేస్తుంది. అది చాలాసార్లు ఒక మోడల్, అంటే వాతావరణాన్ని లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రాం, ఒక్కసారి చేసిన లెక్క. ఆరు గంటలకోసారి కొత్త లెక్క రాగానే కొత్త అంకె. గురువారం మీరు చూసిన 22 పది రోజుల ముందటిది. పది రోజుల ముందు అంగుళాల లెక్కకు ఏ విలువా లేదు సార్. ఆ వారంలో ఏదో ఒకటి రావచ్చు అన్నంత వరకే దాని అర్థం.

లెక్క ఎలా మొదలవుతుందో చెప్తాను, ఇది మీకు నచ్చుతుంది. ప్రపంచమంతా ఒకే సమయానికి గాలిలోకి బెలూన్లు వదులుతారు. వాటికి కట్టిన పరికరం పైకి పోతూ ఉష్ణోగ్రత, తేమ, పీడనం, గాలి పంపిస్తుంది. మన సమయంలో అది ఉదయం 5:30, సాయంత్రం 5:30 లెక్కకు. హైదరాబాద్ బేగంపేటలో వదిలే బెలూన్, అమెరికాలో వదిలే బెలూన్ ఒకే లెక్కలోకి పోతాయి. మీరు పొద్దున టీ తాగే టైముకు అక్కడ రాత్రి ఏడు. ఉదయం పదిన్నరకల్లా అమెరికా మోడల్, మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో యూరప్ మోడల్ లెక్క బయటికి వస్తాయి. సముద్రం మీద బెలూన్లు దాదాపు ఉండవు. ఉపగ్రహాలు, విమానాలు, ఓడలు చూస్తాయి కానీ నేల మీద ఉన్నంత దట్టంగా కాదు. అందుకే ఆ ఒంపు కాలిఫోర్నియా, ఓరెగాన్ తీరం ఎక్కాక లెక్క కాస్త నిలకడ పడుతుంది. ఈసారి అది బుధవారం రాత్రి అనుకుంటున్నాను. అవసరం అనుకుంటే అట్లాంటిక్, పసిఫిక్ మీదికి ప్రత్యేకంగా విమానాలు పంపి, పైనుంచి పరికరాలు జారవిడిచి కూడా కొలుస్తారు.

ఇక అంగుళాల సంగతి. మన దగ్గర 25 మిల్లీమీటర్ల వాన, అంటే ఒక అంగుళం, అంటే అంతే, ఎవరు కొలిచినా 25. అదే నీరు మంచుగా పడితే సగటున పది రెట్లు, అంటే పది అంగుళాలు. కానీ గాలి సున్నా డిగ్రీల దగ్గర ఉంటే తడి మంచు పడుతుంది, ఐదారు అంగుళాలే అవుతుంది. బాగా చలిగా ఉంటే దూదిలా పదిహేను, ఇరవై రెట్లు లేస్తుంది. చాలా యాప్‌లు పది రెట్లు అని గుడ్డిగా వేస్తాయి.

అన్నిటికంటే పెద్ద చిక్కు మంచు, వాన గీత. సముద్రపు నీరు చలికాలంలోనూ సున్నాకు నాలుగైదు డిగ్రీలు పైనే ఉంటుంది. తూర్పు గాలి దాని మీదుగా వస్తే ఒడ్డు ఊళ్లలో గాలి సున్నా దాటుతుంది, మంచు కాస్తా వాన అవుతుంది. వూస్టర్ లోపల ఉంది, పైగా ఎత్తు. అక్కడ మంచే. క్విన్సీకీ వూస్టర్‌కూ మధ్య దూరం ఇంచుమించు మన నల్లగొండ నుంచి దేవరకొండ అంత. అల్పపీడనం దారి ఆ మాత్రం పక్కకు జరిగితే మీ బిడ్డ ఇంటి దగ్గర అడుగు మంచు పడాల్సింది వాన పడి కొట్టుకుపోతుంది. అక్కడి వాళ్లు ఒక గుర్తు పెట్టుకుంటారు. నాన్‌టకెట్ దీవికి దక్షిణాన 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 70 డిగ్రీల పశ్చిమ రేఖాంశం కలిసే చోటు. అల్పపీడనం దాని దగ్గరగా పోతే బోస్టన్‌కు మంచి మంచు. అంతకన్నా తీరానికి దగ్గరగా పోతే వాన కలుస్తుంది. బాగా దూరంగా పోతే ఏమీ ఉండదు.

మిర్యాలగూడ ఆయకట్టు
సోమవారం, సాయంత్రం 6:10

ఇంత గందరగోళం ఎందుకు. యూరప్ మోడల్ ఒక్కటి చూడండి. 2012లో శాండీ తుఫాను వచ్చినప్పుడు అది న్యూజెర్సీ వైపు తిరుగుతుందని ముందుగా చెప్పింది అదే. అమెరికా మోడల్ చాలాసేపు సముద్రంలోకి పోతుందని చెప్పింది.

నల్లమల మబ్బు
సోమవారం, సాయంత్రం 7:45

అన్నా, శాండీ విషయంలో మీరు చెప్పింది నూటికి నూరు నిజం. సగటున చూస్తే యూరప్ మోడల్ మెరుగన్నదీ నిజమే. కానీ పైన సూర్యాపేట అమ్మగారు చెప్పిన 2015 జనవరి తుఫానులో న్యూయార్క్‌కు రెండడుగులు చూపించిన వాటిలో యూరప్ మోడల్ ఉంది. అమెరికా మోడల్ తక్కువ చూపించింది. ఆ రోజు తక్కువ చెప్పిందే నిజమైంది. ఒక్కదాన్నే పట్టుకున్నవాళ్లు ఆ రాత్రి మోసపోయారు.

అందుకే ఒకే మోడల్‌ను కొద్దికొద్దిగా మార్చిన మొదటి కొలతలతో చాలాసార్లు నడిపిస్తారు. యూరప్ వాళ్లు అలా 51 లెక్కలు చేస్తారు. ఈ రోజు మధ్యాహ్నం చూస్తే ఆ లెక్కల్లో కొన్ని బోస్టన్‌కు అడుగు మంచు, కొన్ని వాన, కొన్ని ఏమీ లేదు అంటున్నాయి. ఇన్ని రకాలుగా చీలిపోయి ఉన్నాయంటేనే ఇప్పుడు ఎవరికీ తెలియదని అర్థం. అవి దగ్గరికి వచ్చేదాకా ఆగాలి.

దేవరకొండ పత్తి
సోమవారం, రాత్రి 9:30

చెల్లెమ్మా, నువ్వు చదువుకున్నదానివి, నీ మాట కాదనను. కానీ మాలాంటి వాళ్లకు "కొన్ని ఇలా, కొన్ని అలా" అని చెప్తే ఏం చేసుకోవాలి? 2025 అక్టోబరు చివర్లో మోంథా తుఫాను ఆంధ్రా తీరంలో దాటుతుందన్నారు. తీరం మనకు దూరం కదా అనుకున్నాం. మునిగింది వరంగల్. మా వైపూ కుండపోతగా కురిసింది. నా పత్తి చెట్టు మీదే నల్లబడింది. రెండు రోజుల ముందు ఏరించి ఉంటే సగమన్నా దక్కేది. కూలీలను పిలవాలా వద్దా అన్నదే నా ప్రశ్న. యాభై శాతం అంటే సగం మందిని పిలవాలా?

పానగల్ సార్ ప్రశ్నా అదే. టికెట్ సగం మార్చుకోలేరు.

వనపర్తి నుంచి వూస్టర్
మంగళవారం, ఉదయం 7:15

అన్నా, మీ ప్రశ్న ఈ చర్చలో అందరికన్నా గట్టిది. నేను ఇక్కడ పదికి పైగా చలికాలాలు దాటాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

నేను ఇప్పుడు "ఎంత పడుతుంది" అని అడగడం మానేశాను. రెండు సంగతులు చూస్తాను. మొదటిది, నేను ఏ గంటలోపు నిర్ణయం తీసుకోవాలి. రెండోది, తప్పు అటు జరిగితే ఎంత నష్టం, ఇటు జరిగితే ఎంత నష్టం. మీ పత్తికి కూలీలను అనవసరంగా పిలిస్తే ఒక రోజు కూలి పోతుంది. పిలవకపోతే పంట పోతుంది. అప్పుడు ముప్పై శాతం అన్నా పిలవాల్సిందే కదా. అదే ఎరువు చల్లడం లాంటిదైతే ముప్పై శాతానికి ఆగొచ్చు. శాతం ఒకటే, పనిని బట్టి జవాబు మారుతుంది.

పానగల్ సార్ విషయంలో అంగుళాలు 4 అయినా 14 అయినా, ఆదివారం మధ్యాహ్నం ఈదురుగాలిలో విమానం దిగడం కష్టమే. ఎయిర్‌లైన్స్ వాళ్లు ఉచితంగా తేదీ మార్చుకోనిస్తారు, కానీ ఆ ప్రకటన మామూలుగా ఒకటి రెండు రోజుల ముందే వస్తుంది. అప్పటికి ముందు రోజు సీట్లు అయిపోతాయి. కాబట్టి సార్ గడువు గురువారం.

పాలమూరు మాస్టారు
మంగళవారం, ఉదయం 9:00

గంటల మాట వచ్చింది కాబట్టి 1978 సంగతి చెప్పాలి.

ఫిబ్రవరి 6, సోమవారం. పెద్ద మంచు తుఫాను వస్తుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. తెల్లవారేసరికి మంచు మొదలవుతుందన్నారు. జనం లేచి చూశారు, ఏమీ లేదు. ఇదీ ఉత్తిదే అనుకుని ఆఫీసులకు, ఫ్యాక్టరీలకు బయలుదేరారు. పొద్దెక్కాక మొదలైంది. మధ్యాహ్నానికి కళ్లు కనపడని గాలి. అందరూ ఒకేసారి ఇళ్లకు బయలుదేరారు. బోస్టన్ చుట్టూ ఉండే 128 నంబరు రోడ్డు మీద మూడు వేలకు పైగా కార్లు మంచులో కూరుకుపోయాయి. కొందరు కారు లోపలే చనిపోయారు. పొగ గొట్టం మంచుతో మూసుకుపోతే ఇంజను పొగ లోపలికి వస్తుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియని విషం. ఆ తుఫానులో బోస్టన్‌కు 27.1 అంగుళాలు పడింది. మొత్తం మీద వంద మంది దాకా పోయారు.

ఎంత పడుతుందన్న మాట నిజమైంది, ఎప్పుడు మొదలవుతుందన్నదే కొన్ని గంటలు తప్పింది. ఆ కొన్ని గంటలకే జనం నమ్మకం పోగొట్టుకున్నారు. సూర్యాపేట అమ్మగారూ, "వాళ్లకే తెలియదు" అన్న మాట దగ్గర నాకు ఈ కథ గుర్తుకొచ్చింది. మీ మాట తప్పని కాదు. కానీ ఆ మాట ఆ రోజు చాలామంది అనుకున్నారు.

సూర్యాపేట అమ్మ
మంగళవారం, ఉదయం 10:20

మాస్టారూ, ఇది నాకు తెలియదు. మా అబ్బాయికి ఫోన్ చేసి పొగ గొట్టం సంగతి చెప్పాను.

వనపర్తి నుంచి వూస్టర్
బుధవారం, ఉదయం 7:40

పానగల్ సార్, టికెట్ సంగతి ఎలా ఉన్నా ఇవి మీ అల్లుడికి చెప్పండి. అన్నీ మేము చూసినవే.

ఇంటి హీటర్ పొగ బయటికి పోయే గొట్టం గోడకు కింద ఉంటే మంచు పడేటప్పుడు మధ్యలో వెళ్లి దాని ముందు తవ్వాలి. కారు స్టార్ట్ చేసే ముందు వెనక గొట్టం తప్పకుండా చూసుకోవాలి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో ఇప్పుడే నొక్కి చూడాలి.

ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి తుఫాను రోజు నొప్పులు వస్తే ఎప్పుడు బయలుదేరమంటారో అడగాలి. తేదీ దగ్గర పడ్డవాళ్లకు మామూలు కన్నా ముందే రమ్మని చెప్తారు. రాత్రికి కారు వీధిలో పెట్టకూడదు, మంచు తీసే బండ్లు వచ్చేటప్పుడు పార్కింగ్ నిషేధం పెట్టి లాక్కుపోతారు.

ఒక్క మాట మాత్రం మీకే. దిగగానే పార పట్టుకుని మంచు తవ్వడానికి పోవద్దు. తడి మంచు చాలా బరువు. ప్రతి చలికాలం ఇక్కడ మంచు తవ్వుతూ గుండె ఆగిపోయినవాళ్ల వార్తలు వింటాం. వచ్చిన నాన్నలందరూ బిడ్డకు సాయం చేద్దామని మొదట ఆ పనికే దిగుతారు. మా నాన్న కూడా దిగారు, నేను చేతిలోంచి లాక్కున్నాను.

నల్లమల మబ్బు
గురువారం, మధ్యాహ్నం 1:00

ఒంపు నిన్న రాత్రి నేల ఎక్కింది. ఈ రోజు లెక్కలు చాలా దగ్గరికి వచ్చాయి. "ఏమీ లేదు" అనేవి దాదాపు పోయాయి. తుఫాను ఖాయం. అల్పపీడనం తీరానికి కాస్త దగ్గరగా పోయేలా ఉంది, అంటే క్విన్సీ మీద వాన గీత ఊగుతుంది.

సార్, యాప్ పక్కన పెట్టి అమెరికా జాతీయ వాతావరణ సేవ వాళ్ల బోస్టన్ కార్యాలయం పేజీ చూడండి. ఆ ఆఫీసు నార్టన్ అనే ఊళ్లో ఉంది. అక్కడ మంచుకు ఒక్క అంకె కాదు, మూడు పటాలు ఇస్తారు. ఎక్కువగా జరిగే అవకాశం ఉన్నది ఒకటి, ఇంతకన్నా తక్కువ పడటం అరుదు అన్నది ఒకటి, ఇంతకన్నా ఎక్కువ పడటం అరుదు అన్నది ఒకటి. ఈ రోజు క్విన్సీకి అవి 5, 2, 9. వూస్టర్‌కు 13, 8, 18. అవి కాక, డ్యూటీలో ఉన్న అధికారి తన ఆలోచన మొత్తం మామూలు వాక్యాల్లో రాస్తాడు. దేని మీద నమ్మకం ఉంది, దేని మీద లేదు అన్నది దాచడు. నేను రోజూ అది చదివే చాలా నేర్చుకున్నాను. ఈ రోజు దాంట్లో గాలి గురించి గట్టిగా, వాన గీత గురించి అనుమానంగా రాశారు.

పానగల్ నాన్న
గురువారం, సాయంత్రం 4:20

నిర్ణయం తీసుకున్నాం. టికెట్ శనివారం తెల్లవారుజాముకు మార్చాను. తేడా డబ్బులు కట్టాను.

దేవరకొండ తమ్ముడూ, ఎలా తేల్చుకున్నానో మీకు చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్న వల్లే తేలింది. క్విన్సీలో 2 పడుతుందా 9 పడుతుందా అన్నది వదిలేశాను. అన్ని లెక్కల్లోనూ ఆదివారం పగలు గాలి ఉంది. ఒకరోజు ముందు వెళ్తే పోయేది టికెట్ తేడా. వెళ్లకపోతే దుబాయ్‌లో చిక్కుకుని, ఆ రోజే బిడ్డకు నొప్పులు వస్తే ఇంటావిడ ముఖం నేను చూడలేను. డ్యూటీలో ఉన్నప్పుడు మూడో గేటు ఎత్తాలా వద్దా అని ఇలాగే తేల్చుకునేవాళ్లం.

దేవరకొండ పత్తి
గురువారం, రాత్రి 8:00

మంచి పని చేశారు సార్. క్షేమంగా వెళ్లి రండి. బిడ్డకు మా ఆశీస్సులు.

చెల్లెమ్మా, మార్చిలో మాకు రాళ్లవాన వస్తుంది. దాని గురించి ఇలా వివరంగా ఒకసారి రాయి. మామిడి తోట వాళ్లు కూడా చదువుతారు.

నల్లమల మబ్బు
గురువారం, రాత్రి 8:40

తప్పకుండా అన్నా. అది దీనికన్నా కష్టం. రాళ్లవాన మబ్బు గంట రెండు గంటల్లో పుట్టి పోతుంది, రోజుల ముందు ఫలానా ఊరు అని చెప్పలేం. ఎన్ని గంటల ముందు ఏం తెలుస్తుందో విడిగా రాస్తాను.

పానగల్ సార్, అక్కడ ఒక పని చేయగలరా? గోడకు దూరంగా బాల్కనీలోనో వాకిట్లోనో ఒక చదునైన చెక్క పెట్టి, దాని మీద స్కేలుతో కొలవండి. వాన మొదలయ్యే ముందు తప్పక ఒకసారి కొలవాలి. వాన పడితే మంచు అణగిపోయి లెక్క తగ్గుతుంది. మంచు ఏ నిమిషానికి వానగా మారిందో రాస్తే ఇంకా మంచిది.

వనపర్తి నుంచి వూస్టర్
సోమవారం, ఉదయం 8:30

ఇక్కడ ఇంకా ఆదివారం రాత్రే. కరెంటు ఉంది, రోడ్లు తీస్తున్నారు. మా వాకిట్లో 15 అంగుళాలు. అంతా పొడి మంచు. పానగల్ సార్ వాళ్లు శనివారం సాయంత్రమే ఇల్లు చేరారు. ఆదివారం బోస్టన్‌లో దిగాల్సిన విమానాలు చాలా రద్దయ్యాయి.

పానగల్ నాన్న
సోమవారం, ఉదయం 10:50

క్విన్సీ నుంచి రాస్తున్నాను. బిడ్డ బాగుంది. ఇంటావిడ ఆదివారం పొద్దున తలుపు తీసి గుమ్మం మీద మంచును వేలితో ముట్టుకుని, "ఉప్పులా ఉంటుందనుకున్నా, పిండిలా ఉంది" అంది.

నల్లమల అమ్మా, నువ్వు అడిగిన లెక్క ఇది. అల్లుడి దగ్గర ఒక పాత ప్లైవుడ్ ముక్క దొరికింది, దాన్ని పెరట్లో మధ్యన పెట్టాం. కొలిచింది నేను, రాసింది అల్లుడు. పార మాత్రం పట్టలేదు.

తెల్లవారుజాము 4:50: మొదటి రేకులు. గాలి తక్కువ.
7:00: 2 అంగుళాలు. ఈశాన్యం గాలి మొదలైంది.
9:00: 4న్నర. ఎదురింటి చెట్టు కనపడటం లేదు.
11:30: 7న్నర. రేకులు పెద్దవయ్యాయి, తడిగా ఉన్నాయి. ఇంటి బయట ఉష్ణోగ్రత సున్నా.
11:50: కిటికీ అద్దం మీద టకటక చప్పుడు. మంచు కాదు, వాన కాదు, సన్నని గట్టి గుళ్లు.
12:15: వాన. నార్టన్ వాళ్లు తొమ్మిదికల్లా వాన అన్నారు, మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది.
సాయంత్రం 5:00: చెక్క మీద అణగి 5 అంగుళాలే మిగిలింది. గాలి వాయవ్యానికి తిరిగింది, మళ్లీ మంచు.
రాత్రి 9:00: దాని మీద కొత్తగా 1 అంగుళం. ఆగింది.

వాన వచ్చే ముందు 7న్నర, తర్వాత 1, కలిపి 8న్నర. ఆ మూడు గంటల ఆలస్యం వల్లే 5 అన్నది 8న్నర అయింది. 9కి లోపలే ఉంది. ప్రజలు కొలిచి పంపిన లెక్కలు ఆ ఆఫీసు వాళ్లు తీసుకుంటారని అల్లుడు చెప్పి, ఇదంతా పంపించాడు. ఇందాక పడుకోబోతుంటే పిలిచి చూపించాడు. వాళ్లు వేసిన ఊళ్ల జాబితాలో క్విన్సీ పక్కన 8.5 అని ఉంది.